12వ ఫ్రెట్ సరిగ్గా సగానికి రావాలంటే

మీ గిటార్‌పై 648 మిల్లీమీటర్ల తీగ పొడవును 18తో భాగిస్తూ ఫ్రెట్లను (నెక్‌ అంటే గిటార్ మెడపై అడ్డంగా ఉండే సన్నని పట్టీలను) గుర్తిస్తే 12వ ఫ్రెట్ సగానికి రాలేదని మీరు రాశారు. పొరపాటు మీ కొలతది కాదు, ఆ 18దే.

12 అర్ధస్వరాలు (ఒక్కో ఫ్రెట్‌కు ఒకటి) ఎక్కేసరికి పౌనఃపున్యం రెట్టింపు కావాలి, అంటే మోగే తీగ సగమే మిగలాలి. ప్రతి మెట్టుకూ ఒకే నిష్పత్తిలో తగ్గుతూ అక్కడికి చేరాలంటే, మిగిలిన పొడవును ప్రతిసారీ 17.817తో భాగించి, వచ్చినంత దూరంలో తరువాతి ఫ్రెట్‌ను అమర్చాలి. 18తో భాగిస్తే 324కు బదులు సుమారు 326.4 మిల్లీమీటర్లు మిగిలి, స్వరం స్పష్టంగా దిగిపోతుంది. గెలీలియో తండ్రి విన్సెంజో గలిలీ 1581లో ల్యూట్ అనే పాత తీగ వాద్యానికి 18:17 నిష్పత్తినే, అంటే 18తో భాగించడాన్నే, సూచించారు. వేలితో నొక్కినప్పుడు తీగ బిగిసి స్వరం కొద్దిగా పెరుగుతుంది కనుక ఆ లోటు కొంత పూడేది.

మీ నెక్‌పై నట్ (తీగ పైచివర ఆనే పట్టీ) నుండి మొదటి ఫ్రెట్ 36.37, రెండవది 70.70, ఏడవది 215.51, పన్నెండవది 324 మిల్లీమీటర్ల వద్ద ఉండాలి. దయచేసి ఒక ఫ్రెట్ నుండి మరొకదానికి కొలవకండి, చిన్న తేడాలన్నీ పోగవుతాయి. ప్రతి గుర్తునూ నట్ నుండే కొలవండి. నొక్కినప్పుడు పెరిగే స్వరాన్ని సరిచేయడానికి, తీగ రెండో చివర ఆనే బ్రిడ్జి శాడిల్‌ను మాత్రం 648 దాటి రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి జరపవలసి ఉంటుంది, లావు తీగకు మరికాస్త ఎక్కువ.