టెస్ట్ వెర్షన్ వారానికా, నెలకా?

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఒక చిన్న ఓపెన్‌సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టులో టెస్టింగ్ చూస్తున్నాను. టెస్ట్ వెర్షన్ వారం వారం వదలాలని కొందరు, నెలకోసారి చాలని కొందరు అంటున్నారు. నిర్ణయం నా మీద పెట్టడంతో టెన్షన్‌గా ఉంది. అసలీ అనుభవం ఉద్యోగానికి పనికొస్తుందా?

జవాబు: బాగా పనికొస్తుంది. కంపెనీల్లో రిలీజ్ ఇంజినీర్లు చేసేది ఈ పనే.

వారం వారం అనేవాళ్లు మీకు లినక్స్ కెర్నల్‌ను (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలభాగం) చూపిస్తూ ఉండొచ్చు. అక్కడ సాధారణంగా ప్రతి ఆదివారం ఒక ఆర్‌సీ (రిలీజ్ క్యాండిడేట్, అంటే తుది విడుదలకు ముందు వదిలే టెస్ట్ వెర్షన్) వస్తుంది, నిజమే. అయితే ఒక్కో వెర్షన్‌కు కొత్త ఫీచర్లను మొదటి రెండు వారాల్లోనే, ఆర్‌సీలు మొదలయ్యే ముందే తీసుకుని తలుపు మూసేస్తారు. ఆర్‌సీ1 తర్వాత వచ్చేవి దాదాపు అన్నీ దిద్దుబాట్లే కాబట్టి ఏడెనిమిది ఆర్‌సీలకు వెర్షన్ కుదుటపడుతుంది. మీ దగ్గర ఫీచర్లు ఇంకా వచ్చి పడుతుంటే ఆ వేగం మీకు నప్పదు. ఒక బగ్ పోయేలోపు ఇంకోటి వస్తుంది, టెస్టర్లు విసిగిపోతారు.

మరీ ఆలస్యం చేసినా చిక్కే. రెండు వెర్షన్ల మధ్య మార్పులు పేరుకుపోతే ఏది చెడగొట్టిందో వెతకడం కష్టం.

ముందు మీ బగ్ ట్రాకర్ చూడండి. పోయిన వెర్షన్ మీద వచ్చిన రిపోర్టులు చదివి, జవాబిచ్చి, ముఖ్యమైనవి సరిచేయడానికి ఎన్నాళ్లు పట్టింది? అంతకంటే ముందే ఇంకో వెర్షన్ వదిలితే అవే ఫిర్యాదులు మళ్లీ వస్తాయి. నా మాటైతే, బిల్డ్ (కోడ్ నుంచి సిస్టమ్‌ను తయారుచేయడం) రోజూ ఆటోమేటిక్‌గా జరగనివ్వండి, దాన్ని మెషీన్లే పరీక్షించాలి. ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ అనే లినక్స్ సిస్టమ్‌లో ఓపెన్‌క్యూఏ అనే టూల్ సిస్టమ్‌ను తనంతట తాను ఇన్‌స్టాల్ చేసి పరీక్షిస్తుంది, ఆ తర్వాతే స్నాప్‌షాట్ (అప్పటి తాజా వెర్షన్) బయటికొస్తుంది. మనుషుల్ని పరీక్షించమని అడిగే వెర్షన్ మాత్రం ఫీచర్లు ఆగేదాకా నెలకొకటి, ఆగాక వారానికొకటి చాలు. అన్నట్టు, ఇన్‌స్టాలర్‌ను మాత్రం పనిగట్టుకుని పరీక్షించమనండి. పాత టెస్టర్లు అప్‌డేట్ చేసుకుంటూ పోతారు గానీ దాని జోలికి పెద్దగా వెళ్లరు.

ఇక గిట్ బైసెక్ట్ (ఏ మార్పుతో బగ్ వచ్చిందో వెతికిపెట్టే కమాండ్), షెల్ స్క్రిప్టింగ్, ఏదో ఒక సీఐ టూల్ (కోడ్ మారినప్పుడల్లా బిల్డ్, టెస్టులు తనంతట తాను నడిపేది) నేర్చుకోండి. రెజ్యూమెలో ‘టెస్టింగ్ చేశాను’ అని రాసి వదిలేయకండి. వెర్షన్ల మధ్య గడువు ఎంత పెట్టారు, ఎందుకు పెట్టారు, దాంతో పెండింగ్ రిపోర్టులు ఎంత తగ్గాయి అన్నది రెండు వాక్యాల్లో రాయండి. ఇంటర్వ్యూలో ప్రశ్నలు అక్కడి నుంచే మొదలయ్యే అవకాశం ఎక్కువ.