‘రిస్క్-ఫైవ్’ అంటే ఐదో ప్రమాదం కాదు

ప్రశ్న: మాది విజయవాడ. ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డు నడుపుతున్నాను. మా అమ్మాయి గుంటూరు దగ్గర ఒక కళాశాలలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతోంది. ఏడాదిగా ‘డెబియన్’ అనే దాని కోసం పని చేస్తున్నానంటోంది. జీతం లేదు, సర్టిఫికెట్ లేదు, ఎవరో పరాయి దేశం వాళ్లకు ఊరికే చాకిరీ. సెలవులకు ఇంటికి వచ్చినా రాత్రి రెండింటి దాకా నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పరుగెత్తుతుంటే చూస్తూ కూర్చుంటుంది. ఏమిటమ్మా ఇది అంటే, ‘రిస్క్-ఫైవ్‌కు ప్యాకేజీలు కడుతున్నాను నాన్నా’ అంటుంది. పేరులోనే రిస్క్ ఉంది. మా బావమరిది కొడుకు లక్షన్నర కట్టి ఏఐ కోర్సులో చేరాడు. మేమూ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక సంస్థలో పాతిక వేలు అడ్వాన్సు కట్టాం. చేరనని మొండికేస్తోంది. రెండింటిలో ఏది మంచిదో పోల్చి చెప్పండి.
ఒక తండ్రి, విజయవాడ

జవాబు: పోల్చి చెబుతాను. దానికి ముందు ఒక సంగతి. ఈ ఉత్తరం నాకు కొత్తది కాదు. ఏళ్ల తరబడి ఇందులో కోర్సు పేరు ఒక్కటే మారుతూ వస్తోంది. ఒకప్పుడు శాప్, తరవాత బిగ్ డేటా, ఆపైన బ్లాక్‌చెయిన్, ఇప్పుడు ఏఐ. డబ్బు కట్టేసిన బావమరిది కొడుకు మాత్రం ప్రతి ఉత్తరంలోనూ ఉంటాడు.

మీరు రాసింది రెండుసార్లు చదివాను. జీతం ఎంత వస్తుందన్న ప్రశ్న అందులో ఎక్కడా లేదు. నల్ల తెర ఉంది, రాత్రి రెండు గంటలు ఉంది, రిస్క్ ఉంది. ‘మీ పిల్లలు ఏమి చేస్తున్నారు’ అని ఏ పెళ్లిలోనో ఎవరైనా అడిగితే మీ బావమరిది రెండక్షరాల్లో చెప్పేస్తాడు, మీకు చెప్పడానికి మాట దొరకదు. కన్న కూతురు చేసే పని తండ్రికి అర్థం కాకపోవడం చిన్న బాధ కాదు. ఆ బాధను మీరు కోర్సు ఫీజుతో తీర్చుకోవాలని చూస్తున్నారు. అందుకని ముందు ఆ పని ఏమిటో చెబుతాను. ఈ శీర్షిక చదివే వాళ్లందరిలో అది ఇట్టే అర్థం కావలసింది నిజానికి మీకే.

మొదట ఆ పేరు. ఇక్కడ రిస్క్ అంటే ప్రమాదం కాదు. ప్రాసెసర్ పాటించే ఆదేశాలను తక్కువగా, సరళంగా ఉంచాలన్న పద్ధతికి ఇంగ్లిషులో ఒక పొడుగు పేరుంది. దాని మొదటి అక్షరాలు కలిపితే ఈ మాట వచ్చింది. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఆ వరసలో ఐదో రూపకల్పన 2010లో మొదలైంది కాబట్టి ఫైవ్. దాన్ని వాడుకోవడానికి ఎవరికీ రుసుము కట్టనవసరం లేదు. మద్రాసు ఐఐటీ వాళ్ల ‘శక్తి’, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ల ‘వేగా’ ప్రాసెసర్లు దీని మీద కట్టినవే. ఇక డెబియన్ అంటే ఒక ఆపరేటింగ్ సిస్టమ్, కంప్యూటర్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్. వాళ్ల వార్షిక సమావేశం 2023 సెప్టెంబరులో ఎక్కడో కాదు, కొచ్చిలో జరిగింది. పరాయి దేశానికి చాకిరీ అన్న మాట వెనక్కి తీసుకోవచ్చు.

ఇక పని సంగతి. మీ షెడ్డుకు టాటా చాసిస్ వస్తుంది, అశోక్ లేలాండ్ చాసిస్ వస్తుంది. లారీ యజమానులు ఇద్దరూ అడిగేది ఒకే రకం బాడీ కావచ్చు. అలాగని టాటాకు కట్టిన బాడీని ఎత్తి లేలాండ్ మీద పెడితే కూర్చుంటుందా? చక్రాల మధ్య దూరం వేరు, బోల్టులు పడే చోటు వేరు. ఇష్టం వచ్చిన చోట రంధ్రం పెడితే చాసిస్సే పాడవుతుంది. డ్రాయింగు అదే అయినా కొలతలు మళ్లీ తీయాలి, పలకలు మళ్లీ కోయాలి, కట్టాక లోడు వేసి నడిపి చూడాలి. మీ అమ్మాయి చేస్తున్నది సరిగ్గా ఇదే. ఎవరో రాసి అందరికీ వదిలేసిన ప్రోగ్రాము ఆ డ్రాయింగు. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లు ఒక చాసిస్. మన ఫోన్లలో, కొత్త యాపిల్ ల్యాప్‌టాపుల్లో ఉండే ఆర్మ్ మరొకటి. బ్యాంకులు వాడే భారీ ఐబీఎం యంత్రాలది ఇంకొకటి. అది సంఖ్యలను దాచుకునే వరసే తిరగబడి ఉంటుంది. రిస్క్-ఫైవ్ వీటి మధ్యకు కొత్తగా వచ్చింది. ప్రతి చాసిస్‌కూ డ్రాయింగు నుంచి మళ్లీ కట్టాలి, పరీక్షించాలి, ఇది నడవడానికి ఇంకా ఏమేమి కావాలో చీటీ రాసి మూటలో పెట్టాలి. ఆ మూటే ప్యాకేజీ.

‘కడుతున్నాను నాన్నా’ అంది, చూశారా? ఆ పని చేసే పిల్లలు తమలో తాము ‘బిల్డ్ చేస్తున్నాం’ అనుకుంటారు. మీకు అర్థం కావాలని మీ షెడ్డు మాట వెతికి తెచ్చింది. మీరు రిస్క్ దగ్గరే ఆగిపోయారు.

డెబియన్‌ను 1993 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు నడుపుతున్నారు. 2025 ఆగస్టులో దాని 13వ వెర్షన్ వచ్చింది: దాదాపు 70 వేల ప్యాకేజీలు, ఏడు రకాల ప్రాసెసర్లు. రిస్క్-ఫైవ్‌కు ఆ ఏడింటిలో చోటు దక్కడం అదే మొదటిసారి. అన్ని వేల మూటలను మనుషులు చేత్తో కట్టరు, యంత్రాలే వరసగా కట్టుకుంటూ పోతాయి. ఎక్కడో ఒకటి విఫలమైనప్పుడు మనిషి పని మొదలవుతుంది. మీరు చూసిన తెల్ల అక్షరాలు ఆ యంత్రం రాసుకునే చిట్టా.

విఫలం కావడం ఎలా ఉంటుందో ఒక్కటి చెబుతాను, ఈ భాగం మీ అమ్మాయికి చదివి వినిపించండి, నవ్వుకుంటుంది. సీ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక అక్షరాన్ని దాచుకోవడానికి ‘చార్’ అనే చిన్న గది ఉంటుంది. అందులో సున్నా కంటే తక్కువ సంఖ్య పట్టాలా వద్దా అన్నది ఆ భాష తేల్చి చెప్పలేదు, యంత్రానికి వదిలేసింది. డెబియన్‌కు పునాది అయిన లినక్స్‌లో, ఇంటెల్ మీద పడుతుంది. ఆర్మ్ మీద, రిస్క్-ఫైవ్ మీద పట్టదు. ఫైలు అయిపోయిందని చెప్పడానికి మైనస్ ఒకటి గుర్తు. ఎవరో ఎప్పుడో ఆ గుర్తును తెలియక ఈ చిన్న గదిలో పెట్టి సరిచూసేలా రాశారు. ఇంటెల్ మీద ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. కొత్త చాసిస్ మీదకు రాగానే ఆ మైనస్ ఒకటి కాస్తా 255 అయి కూర్చుంటుంది. ప్రోగ్రాము దృష్టిలో ఫైలు ఎప్పటికీ ముగియదు, గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. చిట్టాలో తప్పు అని కూడా రాయదు. కారణం పట్టుకున్నాక మార్చవలసింది ఒక్క పదం. ఆ మార్పును ప్రోగ్రాము రాసినాయనకు పంపాలి, ‘నా దగ్గర బాగానే నడుస్తోందే’ అని ఆయన అంటే మర్యాదగా జవాబు రాసి ఒప్పించాలి. మన కళాశాలల్లో ల్యాబ్ అంటే ఫలితం ముందే తెలిసిన ప్రయోగానికి రికార్డు రాసి సంతకం పెట్టించుకోవడం. ఇలాంటి తప్పు వెతకడం అక్కడ ఎవరూ నేర్పరు, నేర్పే తీరిక కూడా ఎవరికీ లేదు.

ఏఐ కోర్సు దగ్గరికి వద్దాం. ఏఐతో నాకు పేచీ లేదు. గణితం గట్టిగా చదివి, సంభావ్యతను ఒంటబట్టించుకుని ఆ రంగంలోకి వెళ్లే పిల్లలను చూస్తే నాకు ముచ్చటగానే ఉంటుంది. నా పేచీ ఆ రంగాన్ని మూడు నెలల్లో చేతిలో పెడతామనే బోర్డులతో. అలాంటి చాలా చోట్ల జరిగేది నాకు తెలుసు. ముందే రాసిపెట్టిన ప్రోగ్రాము ఇస్తారు, మీట నొక్కిస్తారు, ఫలితం వస్తుంది, చప్పట్లు కొడతారు. చివరికి బ్యాచ్ మొత్తం ఒకే ప్రాజెక్టును తలా ఒక రంగు అట్ట వేసి పట్టుకెళతారు. ఇంటర్వ్యూ చేసే మనిషి ఉదయం నుంచి అదే ప్రాజెక్టు నాలుగోసారి చూస్తూ ‘ఇది ఎందుకు ఇలా వచ్చింది’ అని ఒక్క ప్రశ్న వేస్తే మీట నొక్కిన పిల్లవాడు పైకప్పు చూస్తాడు.

ఈ మాటలు గొప్పకు చెప్పడం లేదు. నేనూ చేశాను ఆ తప్పు. బిగ్ డేటా వేడి మీద ఉన్న రోజుల్లో గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక కుర్రాడు తండ్రితో వచ్చాడు. ఇంట్లో చిన్న చిన్న సర్క్యూట్ బోర్డులకు టంకం వేసుకుంటూ వాటి మీద లినక్స్ ఎక్కించుకునే పిల్లవాడు. తండ్రి కంగారు చూసి, నలుగురూ నడిచే దారి మేలు కదా అనుకుని, ‘అవి ఆదివారాలకు ఉంచుకో, ముందు కోర్సులో చేరు’ అన్నాను. చేరాడు. ఆ సంస్థ ఏడాది తిరగకుండా బోర్డు దించేసింది. అప్పు రెండేళ్లు తీర్చుకున్నాడు. తరవాత తన బోర్డుల దారికే తిరిగి వెళ్లి, అక్కడే స్థిరపడ్డాడు. ఇప్పటికీ ఎదురుపడితే నమస్కారం పెడతాడు. నాకే కాస్త ఇబ్బందిగా ఉంటుంది.

పైగా ఏఐ ప్రోగ్రాములు గాలిలో నడవవు. ఏఐకి ఎక్కువగా వాడే పైథాన్ భాషలో ఒక లైబ్రరీని, అంటే సిద్ధంగా ఉన్న ప్రోగ్రాముల కట్టను దింపుకుంటే వచ్చేది సాధారణంగా ఆ ప్రాసెసర్‌కు ఎవరో ముందే కట్టి ఉంచిన మూట. తగిన మూట లేకపోతే లక్షన్నర కోర్సు అక్కడే ఆగిపోతుంది. అమెజాన్ 2018 నుంచి తన సొంత ఆర్మ్ ప్రాసెసర్లను క్లౌడ్‌లో అద్దెకు ఇస్తోంది. ఏఐ చిప్‌ల కంపెనీ ఎన్‌విడియా తన గ్రేస్ ప్రాసెసర్‌ను కట్టింది ఆర్మ్ మీదే. ఇంటెల్ మీద నడిచే సామగ్రిని అక్కడికి తరలించాలనుకునే సంస్థలకు మీ అమ్మాయి లాంటి మేస్త్రులు కావాలి.

ఆమె దారిలో అంతా పూలే అని కూడా చెప్పను. ‘ప్యాకేజీలు కట్టేవారు కావలెను’ అన్న ప్రకటన మీకు కనిపించదు. కాంపస్ ఎంపికలకు వచ్చే పెద్ద సేవా సంస్థలు ఈ పని గురించి అడగవు. అడిగే చోట్లు కొన్నే: రెడ్ హ్యాట్, సూసే, కానానికల్ వంటి లినక్స్ కంపెనీలు, హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్న చిప్ కంపెనీలు. అక్కడ ఈ ఉద్యోగానికి బిల్డ్ ఇంజనీర్ అనో, ఎంబెడెడ్ లినక్స్ ఇంజనీర్ అనో పేర్లు ఉంటాయి. కాబట్టి కాంపస్ పరీక్షలను నిర్లక్ష్యం చేయవద్దని ఆమెకు నా మాటగా చెప్పండి. గూగుల్ 2005 నుంచి నడుపుతున్న సమ్మర్ ఆఫ్ కోడ్‌లో ఇలాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పనికి భృతి ఇస్తారు. ఆమె చేసిన పనితో ధైర్యంగా దరఖాస్తు చేసుకోవచ్చు.

ఇప్పుడు కాస్త కటువుగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. అనుకున్నా ఫరవాలేదు. పాతిక వేలు కట్టే ముందు ఆమెను ఒక్క మాట అడిగారా? ‘కట్టాం’ అని రాశారు, ‘అడిగి కట్టాం’ అని రాయలేదు. లారీ యజమాని మీతో చెప్పకుండా ఎక్కడో పలకలు కోయించి తెచ్చి ‘వీటితోనే కట్టు’ అంటే మీరు ఊరుకుంటారా? మీ షెడ్డులో మేస్త్రి కాదన్నప్పుడు అది అనుభవం, ఇంట్లో ఇరవై ఏళ్ల కూతురు కాదంటే మొండితనం! ఆమె తన పని మానేస్తానని అనలేదు, మీ డబ్బు వృథా చేయనంటోంది. అది మీ పెంపకమే.

మీరు రాయని భయం ఇంకొకటి ఉంది: అర్ధరాత్రి ముక్కూ మొహం తెలియని వాళ్లతో ఆడపిల్లకు మాటలేమిటని. అక్కడ జరిగే పని దాదాపు అంతా బహిరంగమే. ఎవరు ఏ తప్పు చూపారు, ఎవరు ఏమి జవాబిచ్చారు, కావాలంటే మీరు కూడా చదవవచ్చు. అయితే అక్కడ మోసగాళ్లు లేరని అననండి. ఫైళ్లను కుదించే ‘ఎక్స్‌జెడ్’ అనే ప్రోగ్రామును చాలాకాలం దాదాపు ఒకే మనిషి చూసుకునేవారు. మారుపేరుతో వచ్చిన ఒకరు రెండేళ్లకు పైగా పనికొచ్చే మార్పులు పంపుతూ నమ్మకం సంపాదించి, నిర్వహణలో వాటా పొంది, 2024లో విడుదల చేసిన మూటలో దొంగదారి పెట్టారు. డెబియన్ లేదా రెడ్ హ్యాట్ తరహా ప్యాకేజీగా, ఇంటెల్ తరహా 64-బిట్ యంత్రానికి కట్టినప్పుడే అది పని చేసేలా రాశారు. అంటే ఎక్కువ లారీలకు ఉండే చాసిస్ చూసుకుని మరీ దెబ్బ కొట్టారు. ఆ మార్చి 29న దాన్ని బయటపెట్టిన ఇంజనీర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్‌కు అనుమానం ఎలా వచ్చిందంటే, లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందని. అర సెకను! మీరు ఇంజను చప్పుడు విని ఏది వదులైందో చెబుతారే, అలాంటి చెవి అది. మీ అమ్మాయికి అదే చెవి తయారవుతోంది.

ఆ కథలో ఆమె కోసం కూడా ఒక హెచ్చరిక ఉంది. మోసగాడికి చోటు దొరికింది అసలు నిర్వాహకుడు ఒంటరిగా, అలసిపోయి ఉన్నందువల్ల. జీతం లేని పనికి హద్దు మనమే గీసుకోవాలి. చదువు అయ్యేదాకా రెండు మూడు ప్యాకేజీలకు మించి నెత్తిన వేసుకోవద్దు.

పోలిక అడిగారు కదా. కోర్సుకు లక్షన్నర, చివర ఒక సర్టిఫికెట్. ఈ పనికి కరెంటు, ఇంటర్నెట్ ఖర్చు. చివర ఆమె పేరుతో, తేదీలతో ఎవరైనా చూడగలిగే పని చరిత్ర. ఉద్యోగ హామీ రెండింటిలోనూ లేదు, కోర్సు వాళ్లు ఉందని బోర్డు మీద రాశారు, అంతే తేడా. ఆమెకే ఏఐ మీద మనసు పుడితే ఐఐటీల పాఠాలు ఎన్‌పీటీఎల్ వెబ్‌సైటులో ఉచితంగా ఉన్నాయి.

అడ్వాన్సు వెనక్కి అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి, ఆ పాతిక వేలు కాపాడుకోవడానికి ఇంకో లక్షా పాతిక వేలు పోయకండి. రిస్క్-ఫైవ్ బోర్డు కూడా వెంటనే కొననవసరం లేదు. క్యూఎము అనే సాఫ్ట్‌వేర్‌తో మామూలు ల్యాప్‌టాపే రిస్క్-ఫైవ్ యంత్రంలా నటిస్తుంది. నటన కాబట్టి చాలా నెమ్మది, గంటలో అయ్యేది రాత్రంతా పట్టవచ్చు. ఆమె ల్యాప్‌టాపుకు ర్యామ్ పెంచి, మంచి ఎస్ఎస్‌డీ వేయించండి, కొంత తేలికపడుతుంది.

అయినా ఆ తెల్ల అక్షరాలను చూస్తూ కూర్చోవలసిన పని లేదు. రంగు వేశాక అది ఆరేదాకా మీరు బాడీ పక్కనే నిలబడతారా? చిట్టా మొత్తం ఫైలులోకి చేరుతుంది, తెల్లారి లేచాక ఎక్కడ ఆగిందో చూసుకోవచ్చు. ఈ ఒక్క విషయంలో నేను మీ పక్షమే. బిల్డ్ మొదలుపెట్టి పదింటికల్లా పడుకోమని, ఇది నాన్న మాట కాదు, సలహాదారు మాట అని చెప్పండి.