పేరు కలిస్తే చాలదు, భూమి కలవాలి

బుజ్జీ,

మీ అత్తగారి పూర్వీకుల భూమి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తేల్చడానికి సెలవు పెట్టి అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని హాలిఫాక్స్ కౌంటీకి (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) వెళ్తున్నావట. అన్నయ్య ఫోన్‌లో చెప్పాడు. నా ఉద్యోగమంతా ఆ రాష్ట్రంలో టైటిల్ సెర్చ్ పనిలోనే, అంటే భూమి ఎవరి చేతుల్లోంచి ఎవరికి వచ్చిందో పాత కాగితాల్లో వెతకడంలోనే గడిచింది. మన ఇంట్లో ఇంకొకరికి ఆ పాత రిజిస్టర్ల మీదికి మనసు పోయిందంటే నాకు గర్వంగా ఉండదా! కానీ దాంతోపాటే టెన్షనూ పట్టుకుంది. ఇల్లు కొనేవాళ్ళ కోసం వెతికేటప్పుడు తప్పు చేస్తే బ్యాంకు నిలదీస్తుంది. వంశం వెతికేటప్పుడు అడిగేవాళ్ళు ఉండరు. ఆ తప్పే చరిత్రయి కూర్చుంటుంది.

ముందు చిన్న విషయాలు. వీలునామాలు, దస్తావేజులు రెండూ సర్క్యూట్ కోర్టు క్లర్క్ ఆఫీసులోనే ఉంటాయి. ఫోన్ చేసి వేళలు కనుక్కునే బయల్దేరు. అమ్మినవాళ్ళ ఇండెక్స్, కొన్నవాళ్ళ ఇండెక్స్ రెండూ చూడు. ఫ్యామిలీసెర్చ్ అనే వంశావళి వెబ్‌సైట్‌లో స్కాన్ చేసి పెట్టినవి ఇంట్లోనే చూసుకుని వెళ్ళు. ఆ పుస్తకాలు బరువు, నడుం జాగ్రత్త. చీకటి పడకముందే తిరుగు ప్రయాణం కట్టు. సందెవేళ ఆ రోడ్ల మీద జింకలు అడ్డం పడతాయి. అత్తయ్య చాదస్తం అనుకోకు.

వీలునామా దొరకగానే కుటుంబమంతా దొరికిందని మాత్రం అనుకోవద్దు. నేను పనిలో చేరిన కొత్తలో రికార్డు గదిలో ఒక రిటైర్డ్ మాస్టారు కనిపిస్తూ ఉండేవారు. వాళ్ళ వంశ చరిత్ర రాసుకుంటున్నారు. ఎంతో శ్రద్ధగల మనిషి, నాకు ఆ పాత చేతిరాత చదవడం నేర్పింది ఆయనే. ఆయన పూర్వీకుడి వీలునామా హాలిఫాక్స్ పుస్తకంలో ఉంది. భార్యకి ఎంత, నలుగురు కొడుకుల్లో ఎవరికి ఏ పొలం, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. అదే ఇంటిపేరుతో ఇంకొకడు ఆ పక్కనే సేద్యం చేసుకుంటూ బతికాడు. వీలునామాలో పేరు లేదు కాబట్టి అతను కొడుకు కాడని మాస్టారు తేల్చేశారు. పక్క కౌంటీలో అదే ఇంటిపేరున్న ఇంకొకాయనకి కొడుకుగా చేర్చేశారు. పుస్తకం అచ్చువేయించి చుట్టాలందరికీ పంచారు.

కొన్నేళ్ళకి ఆ పొలంలో ఒక ముక్క అమ్మకానికి వస్తే టైటిల్ చూసే పని నాకు వచ్చింది. అరవై ఏళ్ళు వెనక్కి చూస్తే సరిపోయేది. మాస్టారి ఇంటిపేరు కనిపించేసరికి ఆగలేకపోయాను. మన దగ్గర లింకు డాక్యుమెంట్లు అడుగుతారే, అలా ఒక్కొక్కటే పట్టుకుని వెళ్తే మాస్టారు కొడుకు కాడన్న ఆ మనిషి అమ్మిన దస్తావేజు దొరికింది. అతనికి ఆ భూమి ఎలా వచ్చిందో మాత్రం హాలిఫాక్స్‌లో ఎక్కడా లేదు. హాలిఫాక్స్ కౌంటీ పుట్టిందే 1752లో, లూనెన్‌బర్గ్ నుంచి చీలి. లూనెన్‌బర్గ్ 1746లో బ్రన్స్‌విక్ నుంచి చీలింది. మనుషులు ఇల్లు కదలకపోయినా కౌంటీ మారిపోయింది, పాత కాగితాలు పాత కౌంటీలోనే ఉండిపోయాయి. లూనెన్‌బర్గ్ పుస్తకంలో దొరికింది అసలు దస్తావేజు. తండ్రి పెద్దకొడుకు మీద ప్రేమతో, నామమాత్రంగా ఐదు షిల్లింగులు తీసుకుని భూమి రాసిచ్చాడు. వాటా బతికుండగానే ఇచ్చేశాడు కాబట్టే వీలునామాలో అతని ఊసు లేదు!

మాస్టారికి చూపించాను. మళ్ళీ మళ్ళీ చదువుకున్నారు. తన దగ్గర మిగిలిన కాపీలన్నిటిలో చేత్తో దిద్దారు. పంచినవి వెనక్కి రాలేదు. ఇవాళ్టికీ ఆన్‌లైన్ వంశవృక్షాల్లో ఆ పెద్దకొడుక్కి వేరే తండ్రే ఉన్నాడు. అది చూసినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది.

అందుకే పేరు కలిసింది కదా అని ఇద్దరిని కలిపెయ్యకు. వాగు పేరు, హద్దుల్లో ఉన్న పొరుగువాళ్ళు, సాక్షులు, భార్య పేరు కలవాలి. సీనియర్, జూనియర్ అని ఉంటే తండ్రీకొడుకులే కానక్కర్లేదు, ఒక ఊళ్ళో ఒకే పేరున్న పెద్దవాడు, చిన్నవాడు కావచ్చు. సన్-ఇన్-లా అంటే భార్య మొదటి పెళ్ళి కొడుకు కూడా కావచ్చు. కొలతలు పోల్‌లలో ఉంటాయి, పోల్ అంటే పదహారున్నర అడుగులు. హద్దుగా చెప్పిన ఓక్ చెట్టు ఇప్పుడుండదు, వాగు ఉంటుంది. కాగితం మీద గీసుకుని చూడు.

అప్పట్లో తండ్రి వీలునామా రాయకుండా పోతే భూమంతా పెద్దకొడుకుదే అయ్యేది. ఆ పద్ధతిని వర్జీనియా 1785లో రద్దు చేసింది, అమలు 1787 నుంచి. కాబట్టి అంతకుముందు ఎవరైనా ఏ కాగితమూ లేకుండా భూమి అమ్ముతున్నాడంటే పెద్దకొడుకేమో చూడు. 1752కి ముందు సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1740 నవంబరులో రాసిన వీలునామా 1740 ఫిబ్రవరిలో కోర్టుకి వచ్చిందని ఉంటే కంగారుపడకు, అది మన లెక్కలో 1741.

భర్త పోయాక అతని భూమిలో మూడో వంతు మీద భార్యకి జీవితాంతం హక్కు ఉండేది. అందుకే అమ్మేటప్పుడు ఆమెను భర్త ఎదురుగా కాకుండా విడిగా అడిగి ఒప్పుకోలు రాసుకునేవారు. ఎంతోమంది ఆడవాళ్ళ పేరు కనిపించేది ఆ ఒక్క చోటే. ఆ పేజీ వదిలావంటే ఊరుకోను.

ఇక నా అసలు భయం. ఆ వీలునామాల్లో పశువుల పక్కనే మనుషుల పేర్లు వస్తాయి, ఫలానా పిల్ల ఫలానా కూతురికి అని. 1705 చట్టంతో వర్జీనియా బానిసలను వారసత్వం విషయంలో భూమిలాగే స్థిరాస్తిగా లెక్కగట్టింది. 1850, 1860 జనాభా లెక్కల్లో యజమాని పేరు కింద వాళ్ళ వయసు, రంగు, ఆడామగా రాశారే తప్ప మామూలుగా పేర్లు రాయలేదు. వాళ్ళంతా పేర్లతో జనాభా లెక్కల్లోకి వచ్చింది 1870లోనే. తమవాళ్ళ కోసం వెతుక్కునే మనవళ్ళకి నీ ముందున్న ఆ పేజీయే దారి. నువ్వు కోడలివి, అత్తగారివాళ్ళ మనసు నొచ్చుకుంటుందని పేజీ తిప్పేస్తావేమో! చిన్నప్పటి నుంచీ అంతే, ఎవరికీ కష్టం కలిగించే మాట నీ నోట రాదు. ఆ గుణమంటే నాకు ప్రాణం తల్లీ, కానీ ఇక్కడ పనికిరాదు. ప్రతి పేరూ ఉన్నదున్నట్టు రాసుకో. మీ అత్తగారికి నలుగురిలో చెప్పకు. పక్కన కూర్చుని ముందు ఆవిడకే చూపించు. పెద్దావిడ, తట్టుకుంటుంది.

ఫోటో తీసేటప్పుడు పుస్తకం నంబరు, పేజీ నంబరు కనిపించేలా తియ్యి. చదవలేని రాత ఏదైనా ఉంటే నాకు పంపు, ఏ వేళైనా సరే.

నీ
అత్తయ్య