ముందు గాలి ఎటునుంచో తేల్చుకో

చిక్కడపల్లి, హైదరాబాద్

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ నవల మూడు అధ్యాయాలూ చదివాను. కోరంగి రేవు, కళాసీల తగువులు చక్కగా కుదిరాయి. ఓడ కదిలాకే నాకు టెన్షన్ మొదలైంది. డిసెంబరులో బయల్దేరిన బ్రిగ్ రకం ఓడ తెరచాపలన్నీ విప్పుకుని సూటిగా రంగూన్‌కి దూసుకుపోయిందన్నావు. మ్యాప్ తీసి చూడు. కోరంగికి రంగూన్ దాదాపు నేరుగా తూర్పు. ఆ నెలల్లో బంగాళాఖాతం మీద వీచేది ఈశాన్యపు గాలి. బ్రిగ్‌కి రెండు స్తంభాలు, రెండింటి మీదా అడ్డకొయ్యలకు వేలాడే నాలుగు మూలల చాపలు. గాలి వెనకనుంచి తోస్తే వాటికి సాటి లేదు. ఎదురుగాలిలో మాత్రం గాలి వచ్చే దిక్కుకి సుమారు 60 డిగ్రీలకన్నా దగ్గరగా ఓడ పోలేదు. నువ్వు 45లో నడిపించావు. నీ ఓడ తూర్పుకి పోలేక ఆగ్నేయంగా జారుతుంది, దాన్ని సరిచేసుకోవడానికి మళ్ళీ ఉత్తరానికి మళ్ళాలి. ప్రయాణం పొడుగవుతుంది, మంచినీళ్ళ పీపాలు అడుగంటుతాయి, కళాసీల పెద్ద సరంగు మీద అందరికీ విసుగు పుడుతుంది. నువ్వు వెతుక్కుంటున్న కథ అక్కడే ఉంది తల్లీ. గాలి ఎటునుంచో తేల్చుకున్నాకే ఓడని కదుపు.

గాలి పెరిగినప్పుడు చాప కుదించడాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. దానికి కనీసం రెండు పేజీలు కావాలి. స్తంభాన్ని పక్కలనుంచి పట్టి ఉంచే లావు మోకులకు అడ్డంగా కట్టిన సన్నతాళ్ళే మెట్లు. కళాసీలు గాలి తగిలే వైపునుంచే ఎక్కుతారు, అప్పుడు గాలీ ఓడ వాలూ వాళ్ళని తాళ్ళకేసి అదుముతాయి. పైన అడ్డకొయ్య మీద పొట్ట ఆనించి, దాని కింద వేలాడే తాడు మీద పాదాలు మోపి, తడిసి బిర్రబిగిసిన గుడ్డని గుప్పెడు గుప్పెడుగా లాక్కోవాలి. కొత్తగా ఒకడు ఆ తాడు మీద కాలు పెడితే పక్కవాడి పాదాల కింద తాడు ఎగురుతుంది. నీ కథలో పగబట్టిన ఆ ఇద్దరినీ అదే తాడు మీద నిలబెట్టు.

అరబ్బు వర్తకుడి ఓడకి మాత్రం ఏటవాలు కొయ్యకు కట్టిన మూడుమూలల చాప ఉండాలి. అది గాలికి మరింత దగ్గరగా పోగలదు. కానీ దిక్కు మార్చాలంటే అంత పొడవు కొయ్యనీ స్తంభానికి అవతలి వైపు తిప్పాలి. దానికి చాలామంది చేతులు కావాలి, కాబట్టి ఆ ఓడని నలుగురితో నడిపించకు.

యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం మీది రెండు స్తంభాల ఓడని కూడా ఇరికించాలని ఉందన్నావు. అది మనకెంతో గర్వం, కానీ ఈ కథకి అక్కర్లేదు. దానికి బదులు మన నౌకాదళం వారి తరంగిణి ఫొటోలు చూడు. 1997లో చేరిన ఓడ అది. ముందున్న రెండు స్తంభాలకి అడ్డచాపలు, చివరిదానికి ఓడ పొడవునా సాగే చాప, రెండు రకాలూ ఒకేచోట కనిపిస్తాయి.

జూలైలో హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ పోటీలు జరుగుతాయి. అవి ఒకే చాప ఉన్న చిన్న పడవలే అయినా, ఎదురుగాలిలో వంకర్లు తిరుగుతూ ఎలా ముందుకెళ్తాయో సంజీవయ్య పార్కు వైపునుంచి ఒక పూటంతా చూడు. తర్వాత మూడో అధ్యాయం తిరగరాసి పంపు. ప్రతి సీను పక్కనా మార్జిన్‌లో ఏ నెలో, గాలి ఎటునుంచో పెన్సిల్‌తో రాయి. నేను మ్యాప్ ముందు పెట్టుకుని చదువుతాను.