స్మృతివనం నాటబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు చదువుకున్న హాస్టల్‌కు స్థలమిచ్చి, భవనం కట్టించిన పెద్దాయన పేరిట దాని వెనుక ఉన్న అరెకరంలో స్మృతివనం పెంచాలని మీ పూర్వ విద్యార్థినులంతా తీర్మానించారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చేసిన మేలు మరువని పిల్లవైనందుకు గర్వపడ్డాను. అయితే ముఖ్య అతిథి ఎవరో, శిలాఫలకం ఏ రాతితో చేయించాలో కూడా తేలిపోయిందని, నీళ్ల సంగతి మాత్రం తర్వాత చూసుకోవచ్చన్నారని విన్నప్పటినుండి మనసు కుదురుగా లేదు. అటవీశాఖ నర్సరీలలో తల నెరిసినవాణ్ణి కనుక రాయకుండా ఉండలేకపోతున్నాను.

స్థలం పత్రాలు హాస్టల్ ట్రస్టు పేరిటే ఉన్నాయో లేదో ముందు చూడు. గుంతలు మే నెలలోనే ఒకటిన్నర అడుగు లోతున, అంతే వెడల్పుతో తవ్వించి ఎండనివ్వు. రెండు మంచి వానలు పడ్డాకే నాటించు. కంచె పూర్తికాకుండా ఒక్క మొక్కనూ దించకు. మేకలకు దాతల మీద గౌరవం ఉండదు.

ఇక నేను కళ్లారా చూసినది చెబుతాను. నగర శివారులోని ఒక కాలనీలో, పార్కుకు విరాళమిచ్చి కన్నుమూసిన ఒకాయన జ్ఞాపకార్థం అక్కడి సంఘంవారు జూలైలో ఒక ఆదివారం మొక్కలు నాటించారు. పదకొండు గంటలకల్లా ఫోటోలు, టిఫిన్లు ముగిశాయి. గడ్డపార దిగని మొరం నేల కావడంతో గుంతలు జానెడు లోతు దాటలేదు. సగం మొక్కలను పాలిథిన్ సంచి చింపకుండానే పాతేశారు. వానలున్నంతకాలం అంతా పచ్చగానే కనిపించింది. ఫిబ్రవరిలో ట్యాంకర్‌కు డబ్బు అయిపోయింది. ఏప్రిల్‌లో వర్ధంతినాడు ఆయన భార్య పూలదండతో వచ్చారు. నల్లరాతి ఫలకం మీద బంగారురంగు అక్షరాలు మెరుస్తున్నాయి, దాని వెనుక వరుసగా ఎండుపుల్లలు నిలబడి ఉన్నాయి. ఆమె ఎవరినీ ఒక్క మాట అనలేదు. దండను కుర్చీపై పెట్టి, కాపలాదారుణ్ణి బకెట్ అడిగి, ఇంకా రెండాకులున్న ఒక మొక్కకు నీళ్లు పోశారు. పాదైనా చేయని ఆ గట్టినేలలో నీళ్లు ఇంకక ఆమె చెప్పుల కిందికి పారాయి. సంఘంవారు తలలు దించుకున్నారు, కానీ అప్పటికి చేయగలిగింది ఏమీ లేదు.

అందుకే మీ చందాలో సగానికి తగ్గకుండా రాబోయే మూడు వేసవుల కోసం విడిగా బ్యాంకులో వేయండి. నీళ్లు, పాదులు, చచ్చిన మొక్కల స్థానంలో మరుసటి వానల్లో కొత్తవి, ఒక మనిషి జీతం, అన్నీ అందులోంచే రావాలి. వేసవిలో రోజూ పైపైన చల్లడం కంటే వారానికి రెండుసార్లు వేరు తడిసేలా పోసి, పాదులో ఎండుగడ్డి పరచడం మేలు.

మొక్కలను దగ్గర దగ్గరగా నాటి చిట్టడవి పెంచే మియావాకీ పద్ధతిలో చేద్దామని మీలో కొందరు అంటున్నారట. చదరపు మీటరుకు మూడు నాలుగు మొక్కల చొప్పున అరెకరానికి ఆరు నుండి ఎనిమిది వేలు కావాలి, నేలను లోతుగా తవ్వి ఎరువు కలపాలి, రెండు మూడేళ్లు నీళ్లివ్వాలి. మీ బోరు సంగతి నాకు తెలుసు. ఒక మూలన చేసి చూడండి, చాలు. త్వరగా పచ్చబడుతుందని ఎవరైనా కోనోకార్పస్ అనే విదేశీ మొక్క పేరెత్తితే ఒప్పుకోకు. 2022లో తెలంగాణ ప్రభుత్వమే దాన్ని నాటవద్దన్నది.

హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కుకు నడకకు వెళ్తావు కదా, ఫిబ్రవరి, మార్చి నెలల్లో అక్కడ చాలా చెట్లు మోడుల్లా ఉండటం చూసే ఉంటావు. మన రాతినేలల అడవి స్వభావమే అది. మీ పెద్దాయన వర్ధంతి కూడా ఏప్రిల్‌లోనే కనుక, ఆయన ఇంటివారు నడిచే దారి పొడవునా ఆ రోజులకు ఆకుతో ఉండే వేప, కానుగ, నేరేడు పెట్టించు. ఎండలు ముదిరేకొద్దీ పసుపుపచ్చగా పూసే రేల మధ్య మధ్య ఉండాలి. మోదుగ, నల్లమద్ది, ఇప్ప లోపలివైపు వేయండి. రాలిన ఆకు నేలకు మంచిదే గాని, ఒక్క బీడీ ముక్క చాలు అంతా బూడిద కావడానికి. గోడ వెంబడి గజం మేర ఎప్పుడూ ఊడ్పించు.

ఫలకం పని ఇప్పటికి ఆపించు. మూడో వేసవి గట్టెక్కాక ఎంత పెద్దది పెట్టినా నేను అడ్డురాను. జూన్ మొదటివారంలో నర్సరీకి కలిసి వెళ్దాం, సంచిలో వేరు చుట్టుకుపోయిన మొక్కను ఎలా ఏరివేయాలో చూపిస్తాను. చిన్నప్పటినుండీ నీకు ఎండ పడదు, టోపీ లేకుండా రాకు బిడ్డా.

ఆశీస్సులతో,
మీ మామయ్య