ఫోనులో పాఠం, కాగితం మీద పాఠం

ప్రశ్న: ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి, పాఠాలన్నీ ఫోనులోనే ఉన్నాయి కనుక అచ్చు పుస్తకాలు కొనవద్దంటోంది. ఆమె మాట వినవచ్చా?
— ఒక తల్లి, కావలి

జవాబు: అమ్మా, పరీక్షకు చదివే పాఠాలకు మాత్రం తప్పక అచ్చు పుస్తకాలే కొనండి. 2000 నుంచి 2017 వరకు వెలువడిన 54 అధ్యయనాలను కలిపి పరిశీలించి 2018లో ప్రచురించిన విశ్లేషణలో, సమాచార ప్రధానమైన పాఠాలను కాగితం మీద చదివినవారే మెరుగ్గా అర్థం చేసుకున్నారనీ, గడువు పెట్టి చదివించినప్పుడు ఆ తేడా ఇంకా ఎక్కువగా ఉందనీ తేలింది. కథల విషయంలో అటువంటి తేడా కనిపించలేదు కాబట్టి, వాటిని ఫోనులో చదువుకోనివ్వండి. అక్షరాలను పెద్దవి చేసుకొనే వీలు చూపు తగ్గిన పెద్దలకైతే నిజంగా వరం. భౌతికశాస్త్రం వంటివాటికి, పుటలు వెనక్కి తిప్పి చూసుకుంటూ, అంచుల్లో పెన్సిలుతో రాసుకుంటూ చదివే అచ్చు ప్రతే మేలని నా గట్టి నమ్మకం. ఖర్చే ఇబ్బంది అయితే, నిరుడు చదివిన పిల్లల దగ్గర పాత పుస్తకాలు అడిగి తీసుకోండి.