బార్ కుర్చీ: ఓటర్ల జాబితా నుంచి చెక్కుబుక్కు దాకా

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా న్యాయవాదుల సంఘాల గురించే. చాలా బార్లలో (న్యాయవాదుల సంఘాలనే బార్ అంటారు) కార్యవర్గం గడువు ఏడాదే, ఎన్నికలు మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తాయి. కాబట్టి ఈ సీజన్‌లో ఇలాంటి ఉత్తరాలు రావడం మామూలే. ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని పేర్లు, ఊళ్లు తీసేశాం.

ప్రశ్న: 2022లో తెలంగాణలో కొత్త న్యాయ జిల్లాలు వచ్చినప్పుడు మా ఊరు కూడా జిల్లా కేంద్రమైంది. పాత జిల్లా కేంద్రం బార్‌లో నాకు పదేళ్లుగా సభ్యత్వం ఉంది. ఇక్కడ కూడా తీసుకున్నాను. రెండు చోట్లా చందా కడుతున్నప్పుడు రెండు చోట్లా ఓటెందుకు వేయకూడదు? (ఒక న్యాయవాది, తెలంగాణ)

జవాబు: చందా కడితే లైబ్రరీ వాడుకోవచ్చు, బార్ హాల్లో కూర్చోవచ్చు. ఓటు సంగతి వేరు. 2022 జూన్ 2న న్యాయ జిల్లాలు పది నుంచి ముప్ఫై మూడుకు పెరిగాక మీలాంటి పరిస్థితి చాలామందికి వచ్చింది. కేసులు రెండు చోట్లా ఉన్నాయి, సభ్యత్వాలూ రెండు చోట్లా ఉన్నాయి.

సుప్రీంకోర్టు బార్ అసోసియేషన్ వర్సెస్ బి.డి. కౌశిక్ కేసులో 2011లో సుప్రీంకోర్టు ‘ఒక బార్, ఒక ఓటు’ పద్ధతిని, అంటే ఎన్ని బార్లలో సభ్యత్వం ఉన్నా ఒక్కచోటే ఓటు వేయాలన్న నియమాన్ని, సమర్థించింది. అందుకు కారణం, పోలింగ్ రోజు మాత్రమే కనిపించి మళ్లీ ఏడాది దాకా కోర్టు గుమ్మం తొక్కనివాళ్ల ఓట్లతో, రోజూ అక్కడ పనిచేసేవాళ్ల నాయకత్వం ఖాయం కావడమే. ఆ తీర్పు సుప్రీంకోర్టు బార్ నిబంధన మీద వచ్చింది కాబట్టి మీ సంఘం బైలాలో (సొంత నియమావళిలో) ఏముందో చూడాలి. ఈ నిబంధన చేర్చుకున్న బార్‌లో ‘ఈ ఏడాది మరే బార్ ఎన్నికలోనూ ఓటు వేయలేదు, వేయను’ అని డిక్లరేషన్ అడుగుతారు. అందులో అబద్ధం రాస్తే పోయేది ఓటు ఒక్కటే కాదు, వృత్తిపరమైన దుష్ప్రవర్తన ఫిర్యాదుకూ అవకాశం ఇచ్చినట్టే. మీ వకాలతుల్లో ఎక్కువ భాగం ఏ కోర్టులో దాఖలవుతున్నాయో లెక్క చూసుకుని, అక్కడే ఓటు ఉంచుకోండి. రెండో బార్‌కు ‘ఓటు హక్కు లేని సభ్యుడిగా కొనసాగుతాను’ అని లెటర్ ఇచ్చి అక్‌నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. ప్రాక్టీసు చోటు మారితే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు కూడా తెలియజేయాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

ప్రశ్న: మా బార్‌లో సుమారు 300 ఓట్లు. నన్ను ఎన్నికల అధికారిగా పెట్టారు. కిందటిసారి కౌంటింగ్ అర్ధరాత్రి దాకా సాగి గొడవైంది. ఈసారి అలా కాకుండా ఏం చేయాలి? (సీనియర్ న్యాయవాది, కోస్తా)

జవాబు: గొడవ బయటపడేది కౌంటింగ్ రోజునే అయినా దాని మూలం ఓటర్ల జాబితాలో ఉంటుంది. పోలింగ్‌కు కనీసం ముప్ఫై రోజుల ముందు పని మొదలుపెట్టండి. మొదటి వారంలో చందా బాకీ కట్టడానికి ఆఖరి తేదీ, సమయం ప్రకటించాలి. ‘సాయంత్రం 5 గంటల వరకు’ అని గంటతో సహా రాయాలి. ఆ తేదీ దాటాక ఒక్క రసీదు కూడా తెగకూడదు. రసీదు పుస్తకంలో చివరి నంబరు కింద గీత గీసి, కోశాధికారితో పాటు మీరూ సంతకం పెట్టండి.

ఇక్కడ ఒక పాత జబ్బు ఉంది. పోటీ చేసేవాళ్లే ఇరవై ముప్ఫై మంది బాకీ ఒకే చేత్తో కట్టేస్తారు. దీన్ని ఆపాలంటే చందా సభ్యుడి సొంత ఖాతా నుంచే రావాలని, నగదైతే సభ్యుడే స్వయంగా వచ్చి రిజిస్టర్‌లో సంతకం చేయాలని నోటీసులోనే పెట్టాలి. తర్వాత చెబితే ఎవరూ వినరు.

ముసాయిదా జాబితాను నోటీసు బోర్డు మీద అంటించి, వాట్సాప్ గ్రూపులోనూ పెట్టి, అభ్యంతరాలకు వారం రోజులు ఇవ్వండి. పేరు పక్కన ఎన్‌రోల్‌మెంట్ నంబరు (బార్ కౌన్సిల్‌లో నమోదు నంబరు) తప్పక ఉండాలి. ఒకే పేరున్న ఇద్దరు ముగ్గురు ప్రతి బార్‌లోనూ ఉంటారు. చనిపోయినవారు, న్యాయాధికారులుగా ఎంపికైనవారు, ఉద్యోగంలో చేరి సనదు (ప్రాక్టీసు లైసెన్సు) సస్పెండ్ చేయించుకున్నవారు జాబితాలో మిగిలిపోతుంటారు. వచ్చిన ప్రతి అభ్యంతరానికీ ఒక్క వాక్యంలోనైనా రాతపూర్వకంగా జవాబు ఇచ్చి తుది జాబితా వేయండి. నామినేషన్లు మొదలయ్యాక అందులో ఒక్క పేరు కూడా కలపవద్దు. అధ్యక్షుడు స్వయంగా వచ్చి అడిగినా సరే.

నామినేషన్లకు రెండు రోజులు, పరిశీలనకు ఒకరోజు, ఉపసంహరణకు ఒకరోజు చాలు. అభ్యర్థి, ప్రతిపాదించినవారు, బలపరిచినవారు ముగ్గురూ తుది జాబితాలో ఉన్నారా అన్నదే పరిశీలనలో మొదట చూడాలి. ఉపసంహరణ కాగితం అభ్యర్థి చేతి నుంచే తీసుకోండి. స్నేహితుడు తెచ్చిన కాగితాన్ని ఒప్పుకుని ‘ఏకగ్రీవం’ ప్రకటిస్తే, ఆ ఎన్నిక తర్వాత జిల్లా కోర్టు మెట్లెక్కుతుంది.

ఇక బ్యాలెట్. పదవికో రంగు కాగితం పెడితే లెక్కింపు సగం సమయంలో అయిపోతుంది. 300 ఓట్లకు ఒక్కో రంగులో 310 కొట్టిస్తే చాలు. వరుస నంబరు కౌంటర్‌ఫాయిల్ (చింపాక మన దగ్గర మిగిలే ముక్క) మీదే ఉండాలి. బ్యాలెట్ మీద ఉంటే ఎవరు ఎవరికి వేశారో తెలిసిపోతుంది. ఒక్కో ఓటరుకు రెండున్నర నిమిషాలు వేసుకున్నా మొత్తం 750 నిమిషాలు. ఓటు వేసే కంపార్ట్‌మెంట్లు (మరుగు గదులు) నాలుగు పెడితే మూడు గంటల పైచిలుకు. మధ్యాహ్నం రెండింటికి పోలింగ్ ముగించి మూడింటికి లెక్క మొదలుపెట్టవచ్చు. కిందటిసారి మీకు అర్ధరాత్రి అయిందంటే కంపార్ట్‌మెంట్లు ఒకటో రెండో పెట్టి ఉంటారు.

చెల్లని ఓట్లు ఎక్కువగా కార్యవర్గ సభ్యుల బ్యాలెట్‌లోనే వస్తాయి. ఆరు స్థానాలుంటే ఏడుగురికి టిక్కు పెట్టేవాళ్లు ఉంటారు. ఆరు దాటితే ఆ కాగితం చెల్లదు. ఆరుకు తక్కువ వేస్తే చెల్లుతుందా లేదా అన్నది బైలా చూసి పోలింగ్ ముందే గోడ మీద రాయించాలి. టిక్కు కాకుండా సంతకమో పేరో రాసిన కాగితాన్ని పక్కన పెట్టాలి. ఓట్లు సమానమైతే చీటీ వేయాలా, పదవీకాలం చెరి సగమా అన్నది కూడా ముందే ప్రకటించండి. ఫలితం తెలిశాక చెప్పే ఏ నియమమూ నిష్పాక్షికంగా కనిపించదు. చివరగా కొట్టించినవి, వాడినవి, పాడైనవి, మిగిలినవి లెక్క కట్టి, ఏజెంట్ల సంతకాలతో సీలు వేయండి. ఆ కట్టను వివాదం పెట్టే గడువు ముగిసేదాకా తెరవవద్దు.

ప్రశ్న: ఇంకా ఆలిండియా బార్ పరీక్ష (న్యాయవాదిగా ప్రాక్టీసుకు రాయాల్సిన పరీక్ష) పాస్ కాలేదు. సంయుక్త కార్యదర్శిగా పోటీ చేయవచ్చా? (జూనియర్, రాయలసీమ)

జవాబు: పరీక్ష పాసయ్యేదాకా మీది తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్, అదీ రెండేళ్లకే. చాలా బైలాలు తాత్కాలిక సభ్యులకు ఓటే ఇవ్వవు, ఇక పోటీ మాట ఎక్కడ? ముందు పరీక్ష రాయండి. పదవులకు అడిగే ‘ఇన్నేళ్ల ప్రాక్టీసు’ను ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచి లెక్కిస్తారా, ఆ బార్‌లో చేరిన తేదీ నుంచా అన్నది కూడా బైలాలో చూసుకోండి. నామినేషన్లు ఎక్కువగా తిరస్కరించేది ఈ లెక్క తేడాతోనే.

ప్రశ్న: మా సహచరుడి మీద పోలీసులు చేయి చేసుకున్నారు. మూడు రోజులు విధులు బహిష్కరించాలని నలభై మంది సంతకాలతో రిక్విజిషన్ (సమావేశం పిలవమనే కాగితం) ఇచ్చారు. నేను ఈ ఏడాది అధ్యక్షుణ్ని. సర్వసభ్య సమావేశం పిలవకపోతే పిరికివాడినంటారు, పిలిస్తే కోర్టు ధిక్కారమంటున్నారు. (ఒక అధ్యక్షుడు)

జవాబు: ఈ ఇరకాటం ఆ కుర్చీలో కూర్చున్న ప్రతివారికీ వచ్చేదే. మాజీ కెప్టెన్ హరీష్ ఉప్పల్ కేసులో 2002 డిసెంబరు 17న వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు ఇందులో స్పష్టంగా ఉంది. న్యాయవాదులకు సమ్మె హక్కు లేదు. సమ్మె, బహిష్కరణ గురించి చర్చించడానికి సమావేశమే పిలవకూడదు, అందుకోసం వచ్చిన రిక్విజిషన్‌ను పక్కన పెట్టాలి. బార్ లేదా బెంచ్ (న్యాయమూర్తుల) గౌరవం, స్వతంత్రత ప్రశ్నార్థకమైన అత్యంత అరుదైన సందర్భంలో మాత్రం ఒక్కరోజుకు మించని గైర్హాజరును కోర్టులు చూసీచూడనట్టు పోవచ్చు. దానికీ ముందుగా అధ్యక్షుడు జిల్లా జడ్జిని, హైకోర్టు బార్ అయితే ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించాలి. వారి మాటే ఖరారు. మూడు రోజులు అన్న మాటకు చట్టంలో చోటు లేదు.

అలాగని చేతులు ముడుచుకోనక్కర్లేదు. పత్రికా ప్రకటన, నల్ల రిబ్బన్లు, కోర్టు ఆవరణ బయట ప్లకార్డులతో ర్యాలీ, ధర్నా, రిలే దీక్ష ఇవన్నీ ఆ తీర్పే అనుమతించిన మార్గాలు. మీరు చేయాల్సింది ఈ వరుసలో ఉంది: దెబ్బతిన్న న్యాయవాదికి అదే రోజు ప్రభుత్వాసుపత్రిలో వైద్య పరీక్ష చేయించి గాయాల ధ్రువపత్రం, పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు, తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపడం, ఆపై మేజిస్ట్రేట్ ముందు ప్రైవేటు ఫిర్యాదు. స్టేషన్ సీసీ కెమెరాల ఫుటేజీ భద్రపరచమని మొదటి రోజే రాతపూర్వకంగా అడగండి. రోజులు గడిస్తే దాని మీద కొత్త రికార్డింగ్ పడిపోతుంది. బహిష్కరణ వేడిలో మొదట మరిచిపోయేది ఈ కాగితమే.

రిక్విజిషన్‌కు ‘సమ్మె అంశం చర్చకు రాదు, నిరసన కార్యక్రమం ఖరారుకు సమావేశం’ అని రాసి, ఎజెండా మార్చి పిలవండి. మినిట్స్‌లో (సమావేశం నమోదు పుస్తకంలో) ‘బహిష్కరణ’ అన్న మాట పడనీయవద్దు. ఆ రోజు కోర్టుకు వెళ్లిన సభ్యుణ్ని సస్పెండ్ చేస్తామన్న మాట మీ నోట అసలే రాకూడదు. వెళ్లినవారి మీద ఎలాంటి చర్యా తీసుకోరాదని అదే తీర్పు చెబుతోంది. ఇంకొక్క మాట: ఫలానా నిందితుడి తరఫున ఎవరూ వకాలతు వేయకూడదని తీర్మానం చేద్దామంటారు. అలాంటి తీర్మానాలు చెల్లవని 2010లో మొహమ్మద్ రఫీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ప్రశ్న: కొత్తగా కోశాధికారినయ్యాను. పాత కార్యవర్గం ఒక చెక్కుబుక్కు, ఒక నోటు పుస్తకం ఇచ్చి వెళ్లింది. బ్యాంకు సంతకాలు మార్చడం లేదు. (తెలంగాణ)

జవాబు: బ్యాంకుకు కావలసింది మూడు కాగితాలు: ఎన్నికల అధికారి ఫలితాల ప్రకటన, ఖాతా నిర్వహణకు ఇద్దరి పేర్లతో కార్యవర్గ తీర్మానం, సొసైటీల రిజిస్ట్రార్ దగ్గర కొత్త కార్యవర్గం జాబితా దాఖలు చేసినట్టు రుజువు. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 9 ప్రకారం సర్వసభ్య సమావేశం అయిన పదిహేను రోజుల్లో ఆ జాబితా వేయాలి. మధ్యలో రెండు మూడేళ్లు ఎవరూ వేయకపోతే రిజిస్ట్రార్ ఆఫీసులో పాత కార్యవర్గమే బతికి ఉంటుంది. మీ బ్యాంకు చిక్కు బహుశా అదే. ఆ ఏళ్ల జాబితాలు, లెక్కలు కూడబెట్టి వరుసగా దాఖలు చేయాల్సిందే, దగ్గరదారి లేదు. తెలంగాణలోని పాత బార్లు కొన్ని నిజాం కాలం నాటి 1350 ఫస్లీ సొసైటీల చట్టం కింద రిజిస్టర్ అయినవి. మీదీ అలాంటిదైతే పాత రిజిస్ట్రేషన్ నంబరే చెల్లుతుంది, కొత్తగా రిజిస్టర్ చేయించమనే సలహా వినకండి. సంఘం రెండుగా చీలుతుంది.

నోటు పుస్తకాన్ని లెక్కగా ఒప్పుకోవద్దు. రసీదు పుస్తకాల్లో వాడినవి ఎన్ని, ఖాళీవి ఎన్ని, వకాలతు ఫారాలు, వెల్ఫేర్ స్టాంపుల (న్యాయవాదుల సంక్షేమ నిధి కోసం వకాలతుకు అంటించేవి) స్టాకు ఎంత, ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఎవరి పేరున ఉన్నాయి, బార్ హాల్ కరెంటు బిల్లు బాకీ ఎంత అని ఒక పేజీ రాసి, పాత కోశాధికారితో సంతకం చేయించుకోండి. స్టాంపుల దగ్గరే తేడాలు వస్తాయి. రోజూ చిల్లరగా అమ్ముడుపోయే వస్తువు, గుమస్తా చేతిలో ఉంటుంది. సాయంత్రం స్టాకు, నగదు రెండూ కలిపి చూస్తే నెలాఖరుకు తలనొప్పి ఉండదు.

ప్రశ్న: మా బార్‌లో ‘మహిళా ప్రతినిధి’ అని ఒకే పదవి. మిగతా వాటికి మమ్మల్ని ప్రోత్సహించరు. రిజర్వేషన్ అడగవచ్చా? (మహిళా న్యాయవాది)

జవాబు: అడగవచ్చు, ఇప్పుడు ఆధారం కూడా ఉంది. 2024 మే 2న సుప్రీంకోర్టు తన బార్ అసోసియేషన్ కార్యవర్గంలో మూడోవంతు స్థానాలు మహిళలకు కేటాయించమంది. ఆఫీస్ బేరర్లలో కనీసం ఒక పదవి వంతులవారీగా ఇవ్వాలని చెప్పి, ఆ ఏడాదికి కోశాధికారి పదవిని కేటాయించింది. ఆ ఆదేశం మీ బార్‌కు దానంతట అదే వర్తించదు. బైలా సవరణ ప్రతిపాదనను ఎన్నికలకు ముందు జరిగే సర్వసభ్య సమావేశం ఎజెండాలో రాతపూర్వకంగా పెట్టించండి. సవరణకు కావలసిన మెజారిటీ ఎంతో బైలాలోనే ఉంటుంది. అడిగేటప్పుడు కోశాధికారి పదవి అడగండి. లైబ్రరీ, సాంస్కృతిక కార్యదర్శి పదవులు ఇస్తామంటారు. సంతకం, చెక్కు ఉన్న పదవి లేకుండా సంఘంలో మాట చెల్లదు.

ప్రశ్న: మా వకీలు ఫీజు తీసుకుని కేసు దాఖలే చేయలేదు. బార్ అధ్యక్షుడికి చెబితే సనదు రద్దవుతుందా? (కక్షిదారు)

జవాబు: కాదు. అధ్యక్షుడు పిలిచి మందలించగలరు, డబ్బు తిరిగి ఇప్పించే ప్రయత్నం చేయగలరు, అంతే. సనదు మీద అధికారం రాష్ట్ర బార్ కౌన్సిల్‌ది. అడ్వొకేట్ల చట్టం, 1961లోని సెక్షన్ 35 కింద ఫిర్యాదు చేయండి. ఫీజు రసీదు, బ్యాంకు లేదా యూపీఐ ఆధారం, వాట్సాప్ సందేశాల ప్రింట్లు జత చేయాలి. ఏడాదిలో తేలకపోతే ఫిర్యాదు భారత బార్ కౌన్సిల్‌కు బదిలీ అవుతుంది.

ప్రశ్న: గడువు ముగిసి ఎనిమిది నెలలైనా మా కార్యవర్గం ఎన్నికలు పెట్టడం లేదు. హైకోర్టులో రిట్ వేయాలనుకుంటున్నాం. (ముగ్గురు సభ్యులు, ఆంధ్రప్రదేశ్)

జవాబు: బార్ అసోసియేషన్ ప్రైవేటు సొసైటీ కాబట్టి రిట్ దగ్గర మొదటి అభ్యంతరమే ‘మెయింటెయినబిలిటీ’, అంటే అసలు ఆ పిటిషన్ విచారణకు నిలుస్తుందా అన్నది. దానితోనే నెలలు గడిచిపోతాయి. ముందు బైలాలో చెప్పిన సంఖ్యలో సంతకాలతో ప్రత్యేక సర్వసభ్య సమావేశానికి రిక్విజిషన్ ఇవ్వండి. కార్యదర్శికి చేతికిచ్చి రసీదు తీసుకోండి, పోస్టులోనూ పంపండి. బైలా గడువులోగా పిలవకపోతే 2001 చట్టం సెక్షన్ 23 కింద జిల్లా కోర్టులో దరఖాస్తు వేయండి. ఏ సభ్యుడైనా వేయవచ్చు. బైలా నకలు, చివరి ఎన్నికల ఫలితం, రిక్విజిషన్, పోస్టు రసీదులు, మీ చందా రసీదులు జత చేయాలి. కోరికలో ‘కార్యవర్గాన్ని రద్దు చేయండి’ అని ఒక్కటే అడగకండి. ఎన్నికల అధికారిగా ఒక సీనియర్‌ను నియమించమని, తేదీలతో షెడ్యూలు ఇప్పించమని, అప్పటిదాకా బ్యాంకు ఖాతాలో కరెంటు, జీతాల ఖర్చు తప్ప మరేదీ తీయకుండా చూడమని విడివిడిగా అడగండి. దరఖాస్తు వేసే ముందు ముగ్గురి చందా బాకీ ఉందేమో చూసుకోండి. అవతలివాళ్లు మొదట వెతికేది అదే.